వానాకాలంలో మెరుపు కోటు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ నాన్న రిటైర్‌మెంట్‌కి నువ్వు నేవీ నిఘా విమానం టీయూ-142 మోడల్ చేస్తున్నావట, రెక్కలు, తోక అతికించేసి బేస్ కలర్ కూడా వేసేశావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మీ నాన్న, అదే మా బావ, అరక్కోణం నేవీ విమాన స్థావరంలో ఆ విమానం రెక్కల కింద ఎన్ని మిట్టమధ్యాహ్నాలు నిలబడ్డాడో నాకు తెలుసు. దాన్ని ఆయన చేతుల్లో పెట్టబోయేది మన గుంట అని గర్వంగా ఉంది. కానీ ఫంక్షన్ ఆగస్టు 31న. అంటే డెకాల్స్ (నీళ్లలో ముంచి అతికించే గుర్తుల స్టిక్కర్లు), వాటి మీద మెరుపు కోటు అన్నీ ఈ వానల్లోనే, అదీ విశాఖ బీచ్‌కి దగ్గర్లో ఉన్న ఫ్లాట్‌లో. అదే నా భయం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. డెకాల్స్ ఒక్కొక్కటే కత్తిరించు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ముంచి తీసి టిష్యూ మీద పెట్టు. కాగితం మీద అది దానంతటది జారాలి, గోటితో లాగకు.

మెరుపు లేని మ్యాట్ రంగు మీద మాత్రం నేరుగా అతికించొద్దు. చూపుకి నున్నగానే ఉంటుంది గానీ అదంతా సన్నటి గరుకు. డెకాల్ పొర ఆ గరుకులోకి దిగదు, కింద గాలి ఉండిపోతుంది. వెలుతురు పడగానే వెండిలా తళుక్కుమంటుంది. హిందీలో ‘నౌసేనా’ అని రాసి ఉంటుంది చూడు, ఆ అక్షరాల మధ్య ఖాళీల్లో అది ముందు కనిపిస్తుంది. అందుకే మొదట గ్లాసీ క్లియర్, అంటే రంగులేని మెరుపు పూత, రెండు మూడు పల్చటి కోట్లు, ఒకరోజు ఆరుదల, ఆ తర్వాతే డెకాల్స్. డెకాల్ అతుక్కోడానికి కింద మైక్రో సెట్ ద్రవం రాయి, అది మెత్తబడి దిగడానికి పైన మైక్రో సోల్ ద్రవం రాయి. సోల్ పడగానే డెకాల్ ముడతలు పడుతుంది, ఎక్కువసేపు నీళ్లలో నానిన వేలికొసల్లాగా. గుండె గుభేలుమంటుంది. ముట్టుకోకు. ఆరేకొద్దీ దానంతటదే చదునుగా పరుచుకుని ప్యానెల్ గీతల్లోకి దిగుతుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చో.

ఇప్పుడు అసలు సంగతి. 1996లో మీ తాతయ్య ఉద్యోగం ఆఖరి రోజుకని నేనూ ఇలాగే ఒక సీ హారియర్ (నేవీ యుద్ధవిమానం) మోడల్ చేశాను. ఆయనది జీవితమంతా ఓడలకి రంగులేసిన చెయ్యి. కొడుకు కూడా చక్కగా రంగు వెయ్యగలడని చూపించాలని నా ఆరాటం. మల్కాపురం ఇంట్లో వెనక గది. ఐదు రోజులుగా ముసురు. గోడలకి చెమ్మ, తీగ మీద బట్టలు ఆరవు. మర్నాడే ఫంక్షన్. డెకాల్స్ ఆ పొద్దున్నే అతికించాను. మూడు రంగుల గుండ్రాలు, ఆ విమానాలు నడిపే నేవీ 300 స్క్వాడ్రన్ వాళ్ల గుర్తు తెల్లపులి. సాయంత్రం కార్లకి కొట్టే ల్యాకర్ డబ్బా తెచ్చుకుని ఊపుతుంటే నాన్న గుమ్మంలో నిలబడి ఒక్కటే అన్నారు: ‘వానగాలిలో కొట్టకురా, పాలిపోద్ది.’

నేను వినలేదు. టైమ్ లేదన్నాను. పల్చగా నాలుగుసార్లు కొట్టాల్సింది ఒకేసారి తడి కారేలా కొట్టేశాను. ఐదు నిమిషాలు అద్దంలా మెరిసింది. తర్వాత రెక్క అంచు నుంచి తెల్లగా పొగలాంటిది కమ్ముకుంటూ వచ్చింది. ల్యాకర్‌లోని థిన్నర్ గబగబా ఆవిరై ఆ చోటు చల్లబడుతుంది. అప్పుడు గాలిలోని తేమ, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు ఆ పొరలో చేరుతుంది. అంతకంటే పెద్ద దెబ్బ డెకాల్స్‌కి తగిలింది. ఇంకా ఆరని పొరని ఘాటు థిన్నర్ తినేసింది. గుండ్రంలోని కాషాయం తెలుపులోకి పాకింది. పులి చెవి ముడుచుకుపోయింది.

ఆ రాత్రి నేను ఏడ్చాను. నాన్న తిట్టలేదు. మర్నాడు దాన్ని అలాగే అందరికీ చూపించి టీవీ మీద పెట్టుకున్నారు. వారం తర్వాత ఎండ కాసిన రోజున నన్ను పిలిచి, కాస్త థిన్నర్ మంచులా దూరం నుంచి పట్టమన్నారు. పొర మళ్లీ కరిగింది, లోపలి తేమ పోయింది, తెల్లదనం పోయింది. పులి చెవి మాత్రం రాలేదు. ఆ విమానం ఇప్పుడు నా దగ్గరే ఉంది. దుమ్ము తుడిచినప్పుడల్లా వేలు ఆ చెవి దగ్గర ఆగుతుంది.

కాబట్టి ల్యాకర్ జోలికి పోకు, నీళ్లతో పల్చబరిచే యాక్రిలిక్ క్లియర్ వాడు. ఆరడానికి టైమ్ పడుతుంది, పట్టనీ. వాన లేని రోజు మధ్యాహ్నం కొట్టు, రాత్రుళ్లు వద్దు. కొట్టాక డబ్బాలో మూసి ఏసీ గదిలో పెట్టు. డెకాల్స్ పూర్తయ్యాక రెండు రోజులు ఆగి, తడిగుడ్డతో జిగురు మరకలు తుడిచి, అప్పుడు పై కోటు.

మాస్కు సంగతి నువ్వు తేలిగ్గా తీసుకుంటావని తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నాను. గుడ్డ మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు. కార్బన్ ఫిల్టర్ ఉన్నదే పెట్టుకో, కిటికీ తీసి ఉంచు. చివరి రోజుల్లో మీ తాతయ్య దగ్గు నువ్వు వినలేదు, నేను విన్నాను. నీ గదిలోంచి ఆ దగ్గు వినపడటం నా వల్ల కాదు.

ఇంకొకటి. ఒక సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్లు. కుర్సురా సబ్‌మెరైన్‌కి ఎదురుగా, రోడ్డవతల అసలు విమానమే ఉంది కదా. 29 ఏళ్లు ఎగిరి 2017లో దిగింది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు. వాటిని కాదు, ఒళ్లు చూడు. దూరం నుంచి చూస్తే ఎండ దాని మీద ఎంత మెత్తగా పడుతుందో గమనించు. ఇంత చిన్న బొమ్మ మీద అద్దంలాంటి మెరుపు ఉంటే ఆటబొమ్మలా ఉంటుంది. చివరి కోటు సగం మెరుపుదే వెయ్యి. బావ కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది.

శనివారం విజయనగరం నుంచి మొదటి బస్సుకి వస్తాను. నా కంప్రెసర్, మాస్కు, తేమ చూసే మీటరు తెస్తాను. నేను వచ్చేదాకా క్లియర్ డబ్బా మూత తియ్యకు.

మీ మావయ్య