షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నారా? ముందు వీసా, తర్వాత టార్గెట్

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికా వస్తున్న పిల్లలు ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్నది, వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి (తుపాకీతో గురిచూసి కాల్చే చోటు) వెళ్లచ్చా అని. మొన్న సెలవులకు తిరుపతి వెళ్తే, ఎమ్మెస్ సీటొచ్చిన మా అక్క కొడుకు "మామా, పుచ్చకాయ పెట్టి కాల్చచ్చా? వీడియోల్లో చూశా" అన్నాడు.

ముందు వీసా చూసుకో నాయనా అన్నాను. ఎఫ్1 (చదువు), హెచ్1బీ (ఉద్యోగం) లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్, అంటే తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం, రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాసేపు పట్టుకున్నా ఇబ్బందే. మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన గడువు తీరని హంటింగ్ లైసెన్స్. కౌంటర్‌లో ఎవరూ అడగలేదు కదా అని ధైర్యం చేయకండి, శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. స్టూడెంట్ స్టేటస్ పోయిన ఒకతను ఫ్లోరిడాలో రేంజ్‌కి వెళ్లి కాల్చాడు, ఆ కేసు 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు.

ఇక టార్గెట్లు. మన తిరునాళ్లలో బెలూన్లు కొట్టే అంగడిలో చిన్న గుండు వెనకున్న చెక్క దగ్గరే ఆగిపోతుంది, ఇక్కడ తూటా కాగితాన్ని చీల్చుకుని పోతూనే ఉంటుంది, అందుకే అది చివరికి ఎక్కడ తగులుతుందన్నదాన్ని బట్టే రూల్సన్నీ పెట్టారు. ఇండోర్ రేంజ్‌లో కాగితం టార్గెట్లే. క్లిప్పులకు తగిలించేటప్పుడు మరీ కిందికి పెడితే తూటా వెనక గోడకు కాకుండా నేలకు తగిలి ఎగురుతుంది, పైకి పెడితే సీలింగ్‌కో పట్టాలకో తగులుతుంది. తూటాల్లో ఇనుముందేమోనని అయస్కాంతం ఆనించి చూస్తారు, అతుక్కుంటే చాలాచోట్ల వద్దంటారు.

ఇనుప టార్గెట్ల దగ్గర మాత్రం నిజంగా జాగ్రత్త. గట్టిపరిచిన స్టీలైతే తగిలిన తూటా పొడిపొడిగా పక్కలకు చెదురుతుంది. మామూలు ఇనుప రేకుకు రైఫిల్ తూటా తగిలితే గుంట పడుతుంది, తర్వాతి తూటా ఆ గుంటలో తగిలితే ముక్కలు నేరుగా మీ ముఖం వైపే వస్తాయి. అందుకే కళ్లద్దాలు తప్పనిసరి, పిస్టల్‌కి ఎన్ని గజాల దూరం, రైఫిల్‌కి ఎన్ని గజాల దూరం అని ముందే అడగండి.

గాజు సీసాలు, పాత టీవీలు, గ్యాస్ సిలిండర్లు, పేలే టార్గెట్లు పబ్లిక్ రేంజ్‌లలో సాధారణంగా ఒప్పుకోరు. పుచ్చకాయా అంతే, ఆ చెత్త ఎవరెత్తుతారు? గాల్లోకి ఎగరేసి కాల్చే మట్టి పళ్లేలు షాట్‌గన్ వైపే. మనిషి ఆకారం బొమ్మలు కొన్నిచోట్ల ఓకే, కొన్నిచోట్ల గుండ్రటివే. ఎవరి ఫొటో అయినా ప్రింట్ తీసి టార్గెట్‌గా పెట్టడం, దాన్ని ఇన్‌స్టాలో వేయడం దయచేసి వద్దు, వీసా ఇంటర్వ్యూలో దానికి జవాబు చెప్పుకోలేరు.

టార్గెట్ మార్చుకోవాలంటే రేంజ్ ఆఫీసర్ "కోల్డ్" (కాల్పులు ఆపండి) అని పిలిచేదాకా గీత దాటకండి. పిలిచాక తుపాకీ ఖాళీగా బల్ల మీదే ఉండాలి, మళ్లీ "హాట్" (కాల్చుకోవచ్చు) అనేదాకా దాన్ని సర్దడానికి కూడా చేయి పెట్టకూడదు.