పిల్లి రక్కిన కొన్ని వారాలకు పాపకు చంకలో బిళ్ళ కట్టింది, ఏం చేయాలి?

మీ పాపకు ఏడేళ్ళనీ, పెంచుకుంటున్న పిల్లికూన కొన్ని వారాల కింద చేతి మీద రక్కిందనీ, ఇప్పుడు అదే వైపు చంకలో బిళ్ళ కట్టి జ్వరం తగులుతోందనీ రాశారు. ఇది పెద్ద జబ్బా, పిల్లిని పంపించేయాలా అని అడిగారు. మా అబ్బాయికి ఇలాగే వచ్చింది కాబట్టి తెలిసింది చెబుతాను.

స్నానం చేయిస్తుంటే చెయ్యి ఎత్తనని ఏడ్చాడు. చూస్తే చంకలో ఉసిరికాయంత బిళ్ళ, ముట్టుకుంటే నొప్పి. పసివాడికి అక్కడ గడ్డ అంటే మనసు ముందు క్యాన్సర్ దగ్గరికో టీబీ దగ్గరికో పోతుంది. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మర్నాడు పిల్లల డాక్టర్ గారు బిళ్ళను నొక్కి చూసి ఊరుకోలేదు. వేళ్ళ సందుల నుంచి భుజం దాకా చెయ్యంతా తిప్పి తిప్పి చూశారు. మణికట్టు పైన మానిపోయిన సన్నని గీత, దాని పక్కనే చిన్న ఎర్రని పొక్కు కనిపించాయి. అప్పుడు అడిగారు, "ఇంట్లో పిల్లి ఉందా?" అని.

దీన్ని క్యాట్ స్క్రాచ్ డిసీజ్, అంటే పిల్లి రక్కితే వచ్చే జబ్బు అంటారు. ఇందులో తిరకాసంతా అక్కడే ఉంది. రక్కిన చోట 3 నుంచి 10 రోజుల్లో పొక్కు లేస్తుంది. బిళ్ళ కట్టేది సాధారణంగా 1 నుంచి 3 వారాల తర్వాత. అప్పటికి గీత మానిపోయి ఉంటుంది, పిల్లి సంగతి ఎవరికీ గుర్తుండదు. మీకు గుర్తుంది, అది చాలా మేలు. డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మీరే ముందు చెప్పండి. ఆ ఒక్క మాటతో ఎన్నో అనవసరమైన పరీక్షలు తప్పవచ్చు. అనుమానం ఉంటే రక్తపరీక్షలో దీని యాంటీబాడీలు చూస్తారు.

దీనికి కారణం బార్టొనెల్లా హెన్సెలే అనే బ్యాక్టీరియా. పిల్లుల ఒంటి మీద ఉండే ఫ్లీస్, అంటే ఎగిరి దూకే చిన్న పురుగులు, దీన్ని ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి అంటిస్తాయి. ఆ పురుగుల మలం పిల్లి గోళ్ళలో చేరుతుంది, రక్కినప్పుడు మన చర్మంలోకి దిగుతుంది. ఏడాది లోపు కూనల్లో ఇది ఎక్కువ. పిల్లి మాత్రం మామూలుగా, హుషారుగానే ఉంటుంది. మనిషి నుంచి మనిషికి అంటదు, పాపను మిగతా పిల్లల నుంచి వేరుగా పడుకోబెట్టక్కర్లేదు.

చాలామంది పిల్లల్లో దానంతట అదే తగ్గిపోతుంది. కొందరికి డాక్టర్లు 5 రోజులు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఇస్తారు. దానివల్ల మొదటి నెలలో వాపు కాస్త త్వరగా తగ్గుతుందని 1998లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో తేలింది. మా వాడికీ అదే ఇచ్చారు. జ్వరం తొందరగానే పోయింది గానీ బిళ్ళ మాత్రం నెలల తరబడి ఉంది. ఈ సంగతి ముందే తెలిస్తే తల్లిదండ్రులకు సగం టెన్షన్ తగ్గుతుంది: 2 నుంచి 4 నెలలు పట్టడం మామూలే, కొందరికి ఇంకా ఎక్కువ. తగ్గిందా లేదా అని రోజూ నొక్కి చూడకండి, పిల్లకు నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. చీము పడితే సాధారణంగా సూదితో తీస్తారు. కోసి తీస్తే ఆ పుండు మానకుండా కారుతూ ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఎవరైనా "కోయించేయండి" అంటే ముందు పిల్లల డాక్టర్‌ను అడగండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం వద్దు. చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, పాప మరీ మగతగా ఉన్నా, మాట తికమక పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. జ్వరం వదలకుండా కడుపునొప్పి వస్తుంటే కాలేయానికో ప్లీహానికో సోకిందేమో చూడాలి. కన్ను ఎర్రబడి అదే వైపు చెవి ముందు బిళ్ళ కట్టడం కూడా ఈ జబ్బు పనే కావచ్చు. ఇక బిళ్ళ నొప్పి లేకుండా గట్టిగా పెరుగుతున్నా, పాప బరువు తగ్గుతున్నా, పిల్లి రక్కింది కదా అని సరిపెట్టుకోకండి, వేరే కారణాలు వెతకాల్సిందే.

ఇంకొకటి, రేబిస్. ఇది వేరే విషయం, కానీ మర్చిపోకూడదు. రేబిస్ ఉన్న ప్రాంతంలో పిల్లి రక్కితే వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, టీకా కోసం డాక్టర్‌ను కలవాలి. మీకు వారాలు గడిచినా ఆ మాట అడగండి, పిల్లి ఇప్పటికీ ఆరోగ్యంగా ఉందో లేదో చెప్పండి.

పిల్లిని పంపించేయక్కర్లేదు, మేం పంపలేదు. పశువైద్యుడు చెప్పిన ఫ్లీస్ మందు క్రమం తప్పకుండా వాడండి, దాని గోళ్ళు కత్తిరించండి. పాపకు ఉన్న పుండ్లను నాకనివ్వకండి, చేతులతో కవ్విస్తూ ఆడే ఆట మాన్పించండి. ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళో, అవయవ మార్పిడి అయినవాళ్ళో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళో ఉంటే మాత్రం కూనతో ఉండటం గురించి వాళ్ళ డాక్టర్‌తో విడిగా మాట్లాడండి. వాళ్ళలో ఈ బ్యాక్టీరియా చాలా తీవ్రంగా మారగలదు.