అప్లై చేసి ఊరుకోకు

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో "డెబ్భై చోట్ల అప్లై చేశాను, ఒక్కరూ పలకలేదు" అన్నావు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను ఉద్యోగం వెతుక్కున్నది ఒక్కసారే. మనుషుల్ని తీసుకునే కుర్చీలో మాత్రం చాలా ఏళ్ళు కూర్చున్నాను. ఒక్క ఖాళీకి కుప్పలుగా రెజ్యూమెలు వచ్చేవి. ఒక్కోదాని మీద నా చూపు అర నిమిషం కూడా ఆగేది కాదు. "కష్టపడే తత్వం ఉంది, నలుగురితో కలిసి పనిచేయగలను" అని అందరూ రాసేదే, కన్ను దాటిపోతుంది. ఒకమ్మాయి మాత్రం "కాలేజీ వార్షికోత్సవానికి వసూళ్ళ లెక్క నేనే రాశాను, చివర్లో రూపాయి తేడా రాలేదు" అని రాసింది. వెంటనే పిలుద్దామని చూస్తే ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ! మెయిల్ పెట్టి తెప్పించుకున్నాననుకో, అంత ఓపిక అందరికీ ఉండదు. నీ నంబరు ఇప్పుడే ఒకసారి సరిచూసుకో.

అయినా అప్లికేషన్లు సగం పనే. నువ్వు ఎవరినీ అడగడం లేదని నా అనుమానం. మొహమాటం, అంతేగా? 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళ గురించి ఒక వ్యాసం రాశాడు. ఆ కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్ళం అన్నది నూటికి 17 మందే. మిగతావాళ్ళకి చెప్పింది ఎప్పుడో ఒకసారి కనిపించే మనుషులు. ఆలోచిస్తే సబబే. నీ స్నేహితురాళ్ళకి తెలిసిన ఖాళీలు నీకూ తెలుసు. పాత సీనియర్‌కో, నాన్నతో పనిచేసినాయనకో తెలిసినవి నీకు తెలియవు.

అడిగే తీరు కూడా ఉంది. "ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి" అంటే తల ఊపి మర్చిపోతారు. పాపం, వాళ్ళు మాత్రం ఏం చూస్తారు? "అకౌంట్స్ వైపు వెళ్దామనుకుంటున్నాను, ఎక్సెల్ బాగా వచ్చు. మీ ఆఫీసులో ఆ పని చేసేవాళ్ళతో పది నిమిషాలు మాట్లాడించగలరా?" అని అడుగు. ఆ పది నిమిషాల్లో ఉద్యోగం ఊసెత్తకు. రోజూ ఏం చేస్తారు, కొత్తవాళ్ళు ఎక్కడ తడబడతారు, ఇవి అడుగు. లేచేముందు "ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?" అను. మరో పేరు చెబుతారు.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఎక్కడికి పంపావు, ఏ తేదీ, ఎవరితో మాట్లాడావు అన్నీ అందులో ఉండాలి. వారం దాటినా జవాబు లేకపోతే ఒక్కసారి గుర్తుచెయ్యి, రెండోసారి వద్దు. ప్రకటనలో అడిగినవన్నీ నీకు రాకపోయినా, సగానికి పైగా వస్తే పంపెయ్. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగితే, అది ఎంత చిన్న మొత్తమైనా సరే, ఫోన్ పెట్టెయ్.

ఇంటర్వ్యూలో తెలియనిది తెలియదనే చెప్పు. నా మొదటి ఇంటర్వ్యూలో రాని మెషీన్ వచ్చని కోతలు కోశాను. పక్కగదిలోనే ఉంది, నడిపి చూపించమన్నారు. చెమటలు పట్టి బయటికొచ్చాను. మీ పెద్దమ్మకి ఇప్పటికీ ఈ సంగతి తెలియదు.

ఆదివారం లోపు రెజ్యూమె పంపు, ఎర్ర పెన్నుతో కూర్చుంటాను. ఫైలుకి ఈసారైనా "ఫైనల్ కొత్తది 3" అని కాకుండా నీ పేరు పెట్టు.

ఇట్లు,
పెదనాన్న