గ్రీకు, రోమన్ల ప్రార్థనలు మన మొక్కుల్లాంటివేనా?

క్రైస్తవం రాకముందు గ్రీకులు, రోమన్లు దేవతలను ఎలా ప్రార్థించేవారు, మన పోచమ్మ, మైసమ్మల మొక్కులతో దానికి పోలిక ఉందా అని అడిగారు. చాలా ఉంది. మాది నర్సంపేట దిక్కు పల్లె, చిన్నప్పటి నుంచీ చూసిందే చెప్తాను.

గ్రీకుల పాత కావ్యం ఇలియడ్ మొదట్లోనే క్రైసిస్ అనే పూజారి అపోలోను వేడుకుంటాడు. నీ గుడికి కప్పు వేయించాను, ఎద్దుల తొడలు, మేకల తొడలు నీకోసం కాల్చాను, అవి నీకు నచ్చి ఉంటే ఇప్పుడు నా కోరిక తీర్చు అంటాడు. మా నాయనమ్మ పోచమ్మ ముందు బోనం దించి, సాక పోసి ఇట్లనే మాట్లాడేది: "పోయినేడు యాటను కోసినం గద తల్లీ, ఈ ఏడు పిల్లలకు జరం రాకుండ సూడు." స్తోత్రం లేదు, మంత్రం లేదు. ఇచ్చింది గుర్తుచేసి కావలసింది అడగడమే. రోమన్లయితే పని అయ్యాక, ఇష్టంతో మొక్కు తీర్చుకున్నానని రాతి మీద చెక్కించి దేవతకు సమర్పించేవారు. మేడారంలో నిలువెత్తు బంగారమని బెల్లం తూచి ఇచ్చేది కూడా ఇలా పని అయినందుకే.

నన్ను బాగా కదిలించింది మాత్రం, అప్పట్లో రోమన్ల ఏలుబడిలో ఉన్న ఇంగ్లాండులోని బాత్ ఊరి వేడినీటి ఊట. అక్కడి దేవత సులిస్. రాసి ఆ ఊటలో వేసిన సీసపు రేకులు సుమారు 130 తవ్వకాల్లో బయటపడ్డాయి, వాటిలో ఎక్కువ దొంగతనాల మీద పెట్టుకున్న మొరలే. డొసిలియానస్ అనే అతని పైబట్ట పోయింది. తీసినవాళ్ళు ఆడైనా మగైనా, బానిసైనా కాకపోయినా, బట్ట తెచ్చి నీ గుడిలో పెట్టేదాకా నిద్ర పట్టనివ్వకు, పిల్లలు కలగనివ్వకు అని సులిస్‌ను అడిగాడు. మా బావి కాడ మోటరు వైరు ఎవరో కోసుకుపోయినప్పుడు మా అమ్మ కట్టమైసమ్మ దగ్గరికి పోయి దాదాపు ఇవే మాటలన్నది. మా మైసమ్మకు గుడి లేదు. చెరువు కట్ట మీద, తూము పక్కన, పసుపు కుంకుమ పూసిన రాయి. చెరువు నిండి మత్తడి దుంకిన ఏడు ఊరంతా కలిసి యాటను కోస్తారు. నీళ్ళున్న చోటే దేవత ఉండడం, దొంగతనం లాంటి గొడవ కూడా ఆమెకే చెప్పుకోవడం రెండు చోట్లా ఉన్నాయి.

అయితే పోలిక ఉంది కదా అని ఇద్దరినీ ఒక్కరిని చేయకండి. రోమన్లు సులిస్‌ను తమ దేవత మినర్వాతో కలిపేశారు. మన దగ్గరా పోచమ్మ, మైసమ్మలను పార్వతి రూపాలని చెప్పేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. మైసమ్మది ఆ కట్ట, ఆ చెరువు. సమ్మక్క చిలకలగుట్ట నుంచే గద్దెకు రావాలి, సారలమ్మ కన్నెపల్లి నుంచే రావాలి.

ఇలాంటి ప్రార్థన స్వయంగా వినాలనుంటే రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి జరిగే మేడారం జాతర ఉంది గానీ, గద్దెల దగ్గర ఆ తొక్కిసలాటలో ఎవరి మాటా వినబడదు. శ్రావణంలో ఏదైనా పల్లెలో పోచమ్మకు బోనాలు తీసిన నాడు, ముసలమ్మల వెనుక నిలబడి వినండి.