గీత వంకర పోతోందా? ముందు పెన్ను సంగతి చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం కీబోర్డు ఊడదీస్తేనో, వెనక్కి మడిస్తేనో ట్యాబ్ అయిపోయే టూ ఇన్ వన్ ల్యాప్‌టాప్‌ల మీదే, అవీ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచే. అందుకే ఈ పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం.

ప్రశ్న: మాది బరంపురం, మా ఆయన మగ్గం నేస్తారు, నేను పట్టుచీరల అంచులకి డిజైన్లు వేస్తాను. ఇన్నాళ్లూ గ్రాఫ్ పేపరే. మొన్న పిల్లలు పట్టుబట్టి టూ ఇన్ వన్ కొనిపించారు, షాపు అబ్బాయి అయితే పెన్నుకి 4096 ప్రెజర్ లెవెల్స్ అని తెగ ఊదరగొట్టాడు. తీరా ఇంటికొచ్చి ఫొడా కుంభం (అంచు మీద గుడి శిఖరంలా వచ్చే డిజైన్) గీద్దామని ఏటవాలు గీత మెల్లగా లాగితే పాము పాకినట్టు వంకర్లు పోతోంది. పెన్ను పాడైందా, నా చెయ్యి పాడైందా?

జవాబు: మీ చేతికేం కాలేదక్కా, పెన్ను కూడా పాడవలేదు. ఇలాంటి చాలా పెన్నుల తీరే అంత. గ్లాసు కింద కంటికి కనపడని సన్నటి తీగలు గళ్లు గళ్లుగా ఉంటాయి, పెన్ను మొన రెండు తీగల మధ్యలో ఉన్నప్పుడు అది సరిగ్గా ఎక్కడుందో మెషీన్ లెక్కగట్టి అంచనా వేసుకోవాలి, ఆ అంచనాలో వచ్చే చిన్న తేడానే మీకు వంకరగా కనపడేది. అడ్డగీతల్లో, నిలువు గీతల్లో పెద్దగా తెలీదు, గబుక్కున లాగినా తెలీదు, ఏటవాలుగా మెల్లగా గీస్తేనే బయటపడుతుంది, మీ కుంభాలేమో అన్నీ ఏటవాలే! స్క్రీన్ మీద స్కేలు పెట్టి గీసి చూడండి, అప్పుడూ వంకర వస్తే అది చెయ్యి తప్పు కానే కాదు.

ఇక 4096 గురించి. పెన్ను ఎంత గట్టిగా నొక్కారో మెషీన్ ఎన్ని మెట్లలో గుర్తుపడుతుందో ఆ లెక్క అది. 2013లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వాళ్ల మొదటి టూ ఇన్ వన్ సర్ఫేస్ ప్రోకి 1024 లెవెల్స్, 2014లో సర్ఫేస్ ప్రో 3కి పెన్ను టెక్నాలజీ ఇచ్చే కంపెనీ మారి అవి 256కి పడిపోయాయి, 2017కి 4096 అయ్యాయి. ఆ 256తో కూడా జనం బ్రహ్మాండంగా బొమ్మలు వేశారు. అసలు చూడాల్సింది పెన్ను ఎంత తేలిగ్గా ఆనించినా గీత మొదలవుతుందా లేదా అన్నది. పెన్నుని వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని దాని బరువుతోనే లాగండి, గీత పడితే మంచి పెన్ను, నొక్కితేనే పడుతోందంటే సాయంత్రానికి వేళ్లు నొప్పి పుడతాయి. షాపులో ప్రాసెసర్ పేరు అడిగే ముందు చెయ్యాల్సిన పని ఇదీ, కానీ మనోళ్లు పెన్ను ప్యాకెట్ కూడా విప్పించరు.

వంకరకి మందు ఉంది. క్రీటా అని ఫ్రీ సాఫ్ట్‌వేర్, దాన్లో బ్రష్ టూల్‌కి స్టెబిలైజర్ పెట్టుకుంటే గీత సాఫీగా వస్తుంది, కాకపోతే చేతి వెనక కాస్త ఆలస్యంగా నడుస్తుంది, అలవాటవుతుంది. అదే క్రీటాలో ప్రెజర్ అస్సలు పనిచెయ్యకపోతే సెట్టింగ్స్‌లో ట్యాబ్లెట్ అనే చోట విన్‌ట్యాబ్ బదులు విండోస్ ఇంక్ ఎంచుకుని ప్రోగ్రామ్ మూసి తెరవండి.

కానీ అక్కా, రఫ్ స్కెచ్ వరకే ఈ గొడవంతా. మగ్గానికి వెళ్లే గ్రాఫ్‌కి ప్రెజరూ వద్దు, స్టెబిలైజరూ వద్దు. ఒక గడి అంటే ఒక పిక్సెల్ అనుకుని, అంచులు మసకబారని పిక్సెల్ బ్రష్ తీసుకుని, బాగా జూమ్ చేసి గడి గడీ నింపడమే, కాగితం మీద చేసే పనే. ఇక్కడ రెండు చోట్ల చాలామంది దెబ్బతింటారు. ఒకటి, ఫైలుని జేపెగ్‌లో దాచడం, జేపెగ్ ఫైలు సైజు తగ్గించడానికి రంగుల అంచుల్ని కలిపేస్తుంది, మీరు వాడింది మూడు రంగులే అయినా తెరిచి చూస్తే బోలెడు రంగులు కనపడతాయి, జాకార్డు కార్డులు (మగ్గానికి డిజైన్ అందించే చిల్లుల అట్టలు) కొట్టేవాడు తల పట్టుకుంటాడు, అందుకని పీఎన్‌జీ గానీ బీఎంపీ గానీ ఇవ్వండి. రెండోది, అంగుళానికి పడుగు పోగులు ఎన్నో పేక పోగులు అన్నే ఉండాలని లేదు కదా, స్క్రీన్ మీద గడేమో చదరంగా ఉంటుంది, మీరు అందంగా గీసిన కుంభం బట్ట మీద పొట్టిగానో సాగినట్టో వస్తుంది. మీ ఆయన్ని ఆ రెండు లెక్కలూ అడిగి ఒక కాగితం మీద రాసుకుని, దాన్ని బట్టి గడుల ఎత్తూ వెడల్పూ తేల్చుకున్నాకే మొదలెట్టండి. పాత గ్రాఫ్ కాగితాలు మాత్రం పారెయ్యకండి, ఫోటో తీసి కింద లేయర్‌లో పెట్టుకుంటే దాని మీదే గీసుకోవచ్చు.

ప్రశ్న: పర్లాకిమిడిలో టీచర్ని. స్కూల్ పనికీ, బొమ్మలకీ రెండిటికీ ఒకటే మెషీన్ కావాలి. బస్సులో ఒళ్లో పెట్టుకుని టైప్ చెయ్యాలి, ఠాకురాణి యాత్రప్పుడు బరంపురం వెళ్లి పులి వేషాలు అక్కడికక్కడే గీయాలని ఆశ. స్టాండ్ వెనక్కి తెరుచుకునేది మంచిదా, పూర్తిగా వెనక్కి మడిచేది మంచిదా?

జవాబు: మాస్టారూ, ఒళ్లో టైపింగే ఎక్కువైతే మడిచేది తీసుకోండి. స్టాండ్ రకం బల్ల మీద రాజాలా ఉంటుంది, ఒళ్లో పెడితే స్టాండ్ అంచు తొడల్లో గుచ్చుకుంటుంది, టెక్కలి రోడ్డు మీద బస్సు ఒక్క కుదుపు కుదిపితే వెనక్కి పడుతుంది. అదే నిలబడి గీయాలంటే ఊడొచ్చేదే హాయి, కీబోర్డు తీసేస్తే తొమ్మిది వందల గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది, మడిచేదాన్ని కిలోన్నర దాకా ఒక చేత్తో మొయ్యాలి. మీకు జీతం తెచ్చేది టైపింగు కాబట్టి నా ఓటు మడిచేదానికే. యాత్ర చైత్రంలో, అదీ రెండేళ్లకోసారి, ఆ ఎండలో అద్దంలాంటి స్క్రీన్ మీద మీ మొహం తప్ప పులి కనపడదు. అక్కడికి చిన్న స్కెచ్ బుక్ పట్టుకెళ్లండి, రంగులు ఇంటికొచ్చాక మెషీన్లో వేసుకోండి. (ఈ మాటకి కంపెనీలకి కోపం రావచ్చు.)

ఇంకోటి మీరు అడగలేదు గానీ చెప్తాను. ఛార్జింగ్ పెట్టి గీస్తుంటే ఇనుప బాడీ చేతికి జివ్వుమనడం, గీతలు వణకడం, వేలు పెట్టకుండానే స్క్రీన్ నొక్కుకుపోవడం ఉంటే అది చాలాసార్లు మెషీన్ జబ్బు కాదు, ఎర్తింగ్ లేని సాకెట్టో నాసిరకం ఛార్జరో అయ్యుంటుంది, పాత ఇళ్లల్లో ఇది మామూలే. ఛార్జర్ పీకి అదే గీత మళ్లీ గీయండి, బాగా వస్తే పిలవాల్సింది కంప్యూటర్ మెకానిక్‌ని కాదు, ఎలక్ట్రీషియన్ని.

ప్రశ్న: ఒకే మెషీన్లో తెలుగు, ఒడియా రెండూ టైప్ చెయ్యాలంటే ఏం కొనాలి? (జయపురం)

జవాబు: ఏమీ కొనక్కర్లేదు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే రెండిటికీ ఫొనెటిక్ కీబోర్డులు (ఇంగ్లిష్ అక్షరాలతో పలికినట్టే కొట్టేవి) ఉన్నాయి, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో కలుపుకుని విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కుతూ మార్చుకోండి. అయితే డీటీపీ షాపు వాళ్లు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ (యూనికోడ్ కాని పాత పద్ధతి) అంటే మాత్రం మీ యూనికోడ్ తెలుగు అక్కడ నేరుగా అతకదు, కన్వర్టర్ ఉందేమో ముందే అడగండి.

ప్రశ్న: రాయగడలో ఫోటో స్టూడియో మాది. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న టూ ఇన్ వన్ అయితే బ్యాటరీ రోజంతా వస్తుందంటున్నారు, తీసుకోమంటారా?

జవాబు: బ్యాటరీ మాట నిజమే, ఫ్యాన్ గోల కూడా తక్కువే. కానీ అది ఆర్మ్ రకం చిప్, ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కంటే వేరే రకం. వాటికోసం రాసిన మామూలు ప్రోగ్రాముల్ని సర్దుబాటు చేసుకుని చాలావరకు నడిపిస్తుంది గానీ డ్రైవర్ల (ప్రింటర్లాంటివాటిని నడిపించే చిన్న ప్రోగ్రాములు) దగ్గర ఆ సర్దుబాటు కుదరదు, అవి దానికోసం విడిగా తయారైనవే కావాలి. మీ పాత ఫోటో ప్రింటరు, స్కానరు, ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ తాళంగా వాడే యూఎస్‌బీ డాంగిల్, వీటికి ఆర్మ్ డ్రైవర్ ఉందని కంపెనీ సైట్‌లో మీ కళ్లతో చూశాకే డబ్బు కట్టండి. లేకపోతే ఇంటెల్, ఏఎండీ వైపే ఉండండి తమ్ముడూ. అన్నట్టు టూ ఇన్ వన్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచడం కుదరదు, ఫోటోల పనికి 16 జీబీకి తగ్గొద్దు.

ప్రశ్న: అన్నా, గుణుపురంలో డిగ్రీ చదువుతున్నా. సవర ఇడితాల్ బొమ్మలంటే (సవర గిరిజనులు గోడల మీద వేసేవి) పిచ్చి, ఫోన్లో వేలితో వేస్తున్నా. సెకండ్‌హ్యాండ్ టూ ఇన్ వన్ ఒకటి చవగ్గా వస్తోంది.

జవాబు: చవకంటే ముందు బ్యాటరీ చూడు. మెషీన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి పక్క నుంచి కన్నేసి చూడు, స్క్రీన్ ఎక్కడైనా ఉబ్బినట్టో, అంచు లేచినట్టో ఉంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకు, ఉబ్బిన బ్యాటరీ ప్రమాదం, పైగా మార్చాలంటే చాలావాటిలో అతికించిన గ్లాసు ఊడదీయాలి. బాగుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే (powercfg /batteryreport) ఒక పేజీ తయారవుతుంది, అందులో డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఎంత అని ఉంటాయి, రెండోది మొదటిదాన్లో సగానికి వచ్చిందంటే వదిలెయ్. పెన్ను ఇస్తున్నాడా అని కూడా అడుగు, చాలామంది పారేసుకునే అమ్ముతారు, ఒకో మెషీన్‌కి ఒకో రకం పెన్నే పడుతుంది, విడిగా కొంటే బేరంలో మిగిలిందంతా దానికే పోతుంది.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే మాత్రం ఇదేదీ వద్దు, స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ ఒకటి ఐదారు వేల లోపే దొరుకుతుంది, చాలావాటికి పెన్నులో బ్యాటరీ కూడా ఉండదు. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి మనుషులు, గుర్రాలు, సన్నగీతల చెట్లు వెయ్యడానికి అది చాలు. చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట ఉండటం మొదట్లో చిరాగ్గా ఉంటుంది, కొన్ని వారాలు ఓపిక పట్టు.