ఫోన్లో గుసగుసగా మాట్లాడుతోంది... వెనక్కి రప్పించేయమంటారా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయికి ఇరవై ఏళ్ళు, ఇక్కడే పుట్టి పెరిగింది. కాలేజీలో మూడో సంవత్సరం. ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రామ్ మీద ఏడాది పాటు చదవడానికి సెప్టెంబరులో జర్మనీలోని ఫ్రైబుర్గ్ వెళ్ళింది. ఇదివరకు గంటలు గంటలు కబుర్లు చెప్పేది. ఇప్పుడు ఆఫీసు అయ్యాక నేను ఫోన్ చేస్తే రెండు నిమిషాలు గుసగుసగా మాట్లాడి పెట్టేస్తోంది. పక్కన ఎవరో ఉన్నారని మావారి అనుమానం. క్లాసులు మొదలయ్యే ముందు పెట్టిన జర్మన్ భాష కోర్సులో 2.3 వచ్చిందట. ఇక్కడ నాలుక్కి లెక్కేసే జీపీఏలో తనకెప్పుడూ 3.8కి తగ్గలేదు. హోంవర్కులూ టెస్టులూ లేవంటుంది. ఆదివారం గది దాటదు. తెలుగువాళ్ళను కలవమంటే దీపావళికి వెళ్ళి గంటలో వచ్చేసింది. 'ఇక్కడ నవ్వితే ఎవరూ తిరిగి నవ్వరమ్మా' అని ఒకసారి ఏడ్చింది. క్రిస్మస్‌కి రప్పించి ఇక పంపొద్దని మావారు పట్టుబడుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు ఆఫీసు నుంచి బయటపడేది సాయంత్రం ఐదింటికి అనుకుందాం. డాలస్‌లో ఐదంటే ఫ్రైబుర్గ్‌లో అర్ధరాత్రి. నలుగురైదుగురు కలిసి ఒకే వంటగది, ఒకే బాత్రూమ్ వాడుకునే ఫ్లాట్లలో అక్కడి విద్యార్థులు చాలామంది ఉంటారు. రాత్రి పది దాటాక శబ్దం చేయకూడదన్నది ఆ దేశంలో ఇంచుమించు ప్రతి ఇంటి నియమం. దాన్ని 'రూహెట్సైట్' అంటారు. పక్కగదివాళ్ళకు మాట వినబడితే మర్నాడు వంటగదిలో ఫ్రిజ్ మీద మర్యాదగా ఓ చీటీ కనిపిస్తుంది.

అక్కడే చదివిన ఒకమ్మాయి నాతో చెప్పింది. వాళ్ళమ్మ ఫోన్ రాగానే కోటు వేసుకుని మెట్ల మీదకి వెళ్ళి కూర్చునేదట. మెట్ల దగ్గర దీపం రెండు నిమిషాలకోసారి దానంతటదే ఆరిపోతుంది. లేచి స్విచ్చి నొక్కడం, మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ చీకటి. 'అమ్మ ఇంకా ఏం కూర వండుకున్నావనే అడుగుతుంటే నాకు మూడోసారి దీపం ఆరిపోయేది' అని నవ్వింది. వాళ్ళమ్మ కూడా మీవారిలాగే పక్కన ఎవరున్నారని ఆరా తీసింది. మీ అమ్మాయి పక్కన నిజంగా ఎవరైనా ఉన్నా, ఇరవై ఏళ్ళ పిల్ల. దాని గురించి కావాలంటే వేరే ఉత్తరం రాయండి, విడిగా మాట్లాడుకుందాం.

ఇక ఆ 2.3. ఇది చదివి నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. జర్మనీలో మార్కుల లెక్క తలకిందులుగా ఉంటుంది. 1.0 అన్నిటికన్నా పైన. 4.0 వస్తే గట్టెక్కినట్టు, 5.0 అంటే ఫెయిల్. అమెరికాలో గొప్పగా చెప్పుకునే 4.0 అక్కడ బొటాబొటీ పాసు. మీ అమ్మాయికొచ్చిన 2.3ని వాళ్ళు 'గూట్' అంటారు, అంటే 'బాగుంది' అని. తను ఈ సంగతి చెప్పే ఉంటుంది. మీవారు పూర్తిగా వినకుండానే కేకలేసి ఉంటారని నా అనుమానం.

హోంవర్కులు లేవన్న మాటా అబద్ధం కాదు. అమెరికాలో వారం వారం క్విజ్‌లు, అసైన్‌మెంట్లు, మిడ్‌టర్మ్‌లు పెట్టి వెనక నుంచి తోస్తూ ఉంటారు. అక్కడ చాలా లెక్చర్లకి హాజరు తీసుకోరు. అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా పాఠాలు సాగుతాయి, చివర్లో ఒక్క పరీక్ష మీదే మార్కంతా. సెమినార్లయితే వేరు, వాటికి వ్యాసం రాయాలి, మాట్లాడాలి. మీరు గమనించాల్సింది ఇక్కడే. మామూలుగా కోర్సులో చేరడం వేరు, పరీక్షకి పేరు నమోదు చేసుకోవడం వేరు. గడువు దాటిందంటే సెమిస్టరంతా క్లాసులో కూర్చున్నా పరీక్ష రాయనివ్వకపోవచ్చు, గుర్తు చేసేవాళ్ళూ ఉండరు. 'ప్రతి కోర్సుకీ పరీక్ష నమోదు ఎలాగో, ఎప్పటిలోగానో కనుక్కున్నావా?' అని అడగండి. ఒక్కసారే. రోజూ అడిగితే ఫోన్ ఎత్తడం మానేస్తుంది.

క్రిస్మస్‌కి రప్పించి ఆపేస్తే ఏమవుతుందో మీవారికి ఇదే లెక్కలో చెప్పండి. పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉంటాయి. డిసెంబరులో వచ్చేస్తే ఈ సెమిస్టర్‌కి చేతిలో క్రెడిట్లేమీ మిగలవు.

ఇంత చెప్పినా మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ఒకటుంది. 'ఇక్కడ నవ్వితే ఎవరూ తిరిగి నవ్వరు.' టెక్సస్‌లో లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఎలా ఉన్నావని పలకరిస్తారు, కొట్లో బిల్లు వేసే అమ్మాయి మీ చెవిపోగులు బాగున్నాయంటుంది. ఆ పలకరింపుల మధ్య పెరిగిన పిల్ల ఇప్పుడు జర్మన్ సూపర్ మార్కెట్ కౌంటర్ ముందు నిలబడింది. అక్కడామె సరుకులు టకటకా స్కాన్ చేసి తోసేస్తుంటే సంచిలో సర్దుకునేలోపే వెనకాయన వంతు వచ్చేస్తుంది. ఎవరికీ కోపం లేదు, అక్కడ పద్ధతే అది. కానీ మీ పిల్లకి అది తన మొహం మీద తలుపు వేసినట్టుంటుంది. పైగా 'అమెరికా నుంచి' అంటే 'కాదు, అసలు ఏ దేశం?' అని అడిగేవాళ్ళూ తగులుతారు. దీపావళికి వెళ్తే హైదరాబాద్ నుంచి మాస్టర్స్‌కి వచ్చినవాళ్ళు వీసాల గురించి, ఉద్యోగాల గురించి తెలుగులో గడగడా మాట్లాడుకుంటుంటే ఈ పిల్ల ఇంగ్లీషులో జవాబు చెప్పి నలుగురిలో వింతగా నిలబడి ఉంటుంది. అక్కడికే వెళ్ళమని మళ్ళీ ఒత్తిడి చేయకండి.

అక్కడ స్నేహాలు పలకరింపుతో కాదు, కలిసి చేసే పనితో మొదలవుతాయని వెళ్ళొచ్చిన పిల్లలంతా చెబుతారు. విశ్వవిద్యాలయం నడిపే క్రీడల క్లాసులు తక్కువ ఫీజుకే దొరుకుతాయి. వారం వారం అదే రోజు, అవే మొహాలు. లేదంటే టాండెమ్, అంటే జర్మన్ నేర్పే మనిషికి తను ఇంగ్లీషు నేర్పడం. ఒకసారి దగ్గరైతే జర్మన్లంత నిలకడగా ఉండేవాళ్ళు అరుదట.

ఆదివారం మాత్రం నిజంగానే కష్టం. దుకాణాలు మూసేస్తారు. జర్మన్ పిల్లల్లో చాలామంది శుక్రవారమే బట్టల మూటతో సొంతూరు వెళ్ళిపోతారు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. క్రిస్మస్ అయితే 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా ఊరంతా ఆదివారంలాగే ఉంటుంది. ఆ మూడు రోజులూ తనని ఒంటరిగా వదలకండి. తనని పిలిపించుకోండి, కానీ తిరుగు టిక్కెట్ కూడా కొని. లేదా మీరే వెళ్ళండి. మీది ఇండియన్ పాస్‌పోర్టయితే గ్రీన్ కార్డు ఉన్నా యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలి, అది ఇంత తక్కువ టైములో దొరుకుతుందన్న భరోసా లేదు.

తిండి మానేసినా, మామూలు రోజుల్లో కూడా మంచం దిగకపోయినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా ఇక క్రెడిట్ల లెక్క చూడొద్దు. అక్కడ విద్యార్థుల సంక్షేమం చూసే 'ష్టుడీరెండెన్‌వెర్క్'లో మానసిక సలహాదారులుంటారు, వెంటనే వాళ్ళని కలవమనండి. మీరూ బయలుదేరండి.

అదేమీ లేకపోతే ఇలా చేసి చూడండి. ఆఫీసు తర్వాత ఫోన్ చేయడం మానేయండి. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, అంటే అక్కడ సాయంత్రం నాలుగింటికి చేయండి. మీరు దోసెలు పోస్తూ ఫోన్‌ని స్టవ్‌కి కాస్త దూరంగా నిలబెట్టండి. మీవారిని కూడా కంచం ముందు కూర్చోమనండి, మార్కుల ఊసెత్తకుండా. అడగడానికి ఏమీ లేకపోతే ఏమీ అడగొద్దు. మీ వంటింటి చప్పుడు ఓ గంట వినిపించనీయండి. అన్నట్టు, మార్చిలో అమెరికా, జర్మనీ గడియారాలను వేర్వేరు రోజుల్లో ముందుకు జరుపుతాయి కాబట్టి రెండు మూడు వారాలు ఈ తేడా ఏడు గంటలు కాదు, ఆరే. ఆ వారాల్లో మీరు పదింటికి చేయాలి.