కెనడా ప్రెయిరీల్లోని సోలొనెట్జ్ నేల మన చవుడు నేలేనా?

కారు చౌడుకి, అంటే సోడియం ఎక్కువున్న క్షార చవుడుకి, దగ్గరి చుట్టమే, కానీ అదే కాదు. అల్బర్టా, సస్కాచెవాన్ గడ్డి మైదానాల్లో ఇది ఎక్కువ. సోడియం బంకమట్టి రేణువులను విడదీస్తుంది. అవి కిందికి దిగి గట్టి పొరవుతాయి. గుంట తవ్వితే గుండ్రటి తలల స్తంభాలు వరుసగా కనిపిస్తాయి, అదే దీని ఆనవాలు. తడిస్తే జిగురు, ఎండితే రాయి. వేరు దిగడం కష్టం.

కెనడా వర్గీకరణ ప్రకారం ఆ పొరలో మార్పిడి కాల్షియానికి (మట్టి రేణువులకు అంటి, చోటు మారగల కాల్షియం), అలాంటి సోడియానికి నిష్పత్తి 10 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఈ నేలల్లో రకాలు నాలుగు. అసలు సోలొనెట్జ్, సోలొడైజ్డ్ సోలొనెట్జ్, సోలోడ్ అనేవి నిజానికి సోడియం కడుక్కుపోయే దశలే. నాలుగోది వెర్టిక్, మన నల్లరేగడిలా నెర్రెలిచ్చే బరువు నేల. తేడా ఏమంటే, కారు చౌడులో పైమట్టే క్షారం; ఇక్కడ పైమట్టి తరచూ ఆమ్లంగా ఉంటుంది.